విమానం ఆలస్యమై మా కాంగ్రెస్‌మన్ వేయలేకపోయిన మూడు ఓట్లు

సాయంత్రం ఆరున్నరకు మా ఆఫీసులో గంట రెండుసార్లు మోగింది. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ సభ్యుల ఆఫీసులన్నిటిలో ఈ గంటలు వినిపిస్తాయి. రెండుసార్లు మోగితే సభలో పదిహేను నిమిషాల ఓటింగ్ మొదలైందని అర్థం. అవి మోగగానే మా కాంగ్రెస్‌మన్ గారు కోటు తగిలించుకుని బయల్దేరతారు. ఆ రోజు ఆయన గది ఖాళీగా ఉంది. ఆయన షికాగోలో ఎక్కిన విమానంలో, ఇంకా వెస్ట్ వర్జీనియా మీద ఎక్కడో ఆకాశంలో ఉన్నారు.

అప్పట్లో నేను ఆ ఆఫీసులో నియోజకవర్గం నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసే ఉద్యోగం చేసేదాన్ని. తెనాలిలో ఏడో తరగతి వరకు చదివి, అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను. మేమున్న ఊరు ఆయన నియోజకవర్గంలోనే ఉంది. అంటే మా నాన్న ఆయన ఓటరు. ఆయన పేరు, పార్టీ, రాష్ట్రం ఇక్కడ రాయను. ఆ ఆఫీసులో నేను విన్న మాటలు నా మీద నమ్మకంతో అన్నవి. కానీ ఒక సభ్యుడికి ఓటు తప్పిపోతే తర్వాత ఏం జరుగుతుంది, దాని గురించి ఆయన జనానికి ఏం చెప్పుకోవాలి అన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఆ పని నా చేతుల మీదుగా జరిగింది. అందుకే రాస్తున్నాను. ఇది 2023 వేసవిలో సంగతి.

సభలో ఉండే 435 మందిలో చాలామంది వారాంతానికి సొంతూరు వెళ్లి, సోమవారమో మంగళవారమో తిరిగొస్తారు. అందుకే వారంలో మొదటి రోజు ఓట్లను సాయంత్రం ఆరున్నరకు పెడతారు. ఆఫీసుల్లో దాన్ని ఫ్లై-ఇన్ డే అంటాం. పగలు చర్చ ముగిసిన బిల్లుల ఓటింగ్‌ను వాయిదా వేసి, అందరూ విమానాలు దిగాక ఒకదాని వెంట ఒకటి పెడతారు. ఎక్కువగా అవి పెద్ద గొడవలేని బిల్లులు. నలభై నిమిషాల చర్చతో సరిపెడతారు, ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే పాసైనట్టు.

సభకు దగ్గరగా ఉన్నది రీగన్ ఎయిర్‌పోర్టు. ట్రాఫిక్ లేకపోతే కారులో పావుగంట. అయితే 1,250 మైళ్లకు మించిన దూరం నుంచి అక్కడికి నేరుగా విమానాలు నడపకూడదని నిబంధన ఉంది, కొన్ని మినహాయింపులు తప్ప. పశ్చిమ తీరం సభ్యుల పాట్లు ఇక్కడే మొదలవుతాయి. మా కాంగ్రెస్‌మన్ గారిది అంత దూరం కాదు కానీ ఊరు చిన్నది, నేరు విమానం లేదు. షికాగోలో మారాలి. మధ్యాహ్నం రెండింటికల్లా వాషింగ్టన్‌లో దిగేలా టికెట్ తీసుకున్నారు. నాలుగున్నర గంటల వెసులుబాటు ఉందని అందరం ధీమాగా ఉన్నాం.

పదకొండు గంటలప్పుడు షికాగో మీద ఉరుముల వాన మొదలైంది. విమానాలు ఆపేశారు. ఆయన ప్రయాణాలు చూసే మా సహోద్యోగి అప్పటి నుంచి ఫోను కింద పెట్టలేదు. ఇంకో విమానం, ఇంకో ఎయిర్‌పోర్టు, దగ్గర్లో ఉన్న మరో ఊరి నుంచి ఏమైనా దొరుకుతుందేమో అని చూస్తూనే ఉంది. ఒకదాంట్లో సీటు దొరికింది, పది నిమిషాల తర్వాత అదీ రద్దయింది. మూడున్నరకు ఆయన్ను ఒక విమానం ఎక్కించారు కానీ అది గంట సేపు రన్‌వే దగ్గరే నిలబడింది. అక్కడి నుంచి ఆయన మెసేజ్ పెట్టారు: "విప్ ఆఫీసుకు చెప్పండి. మొదటిది అందకపోవచ్చు." చెప్పాం. పార్టీ సభ్యుల ఓట్ల లెక్క చూసే ఆ ఆఫీసు వాళ్లు రాసుకున్నారు. ఆ రోజు అలా ఫోన్ చేసింది మేమొక్కళ్లమే కాదు. ఒక్కరి కోసం సభ ఆగదు.

ఆరున్నరకు టీవీ ముందు కూర్చున్నాం. సభలో ఓట్లు 1973 నుంచి ఎలక్ట్రానిక్ పద్ధతిలో పడుతున్నాయి. సభ్యుడు తన కార్డును కుర్చీల వెనక ఉన్న చిన్న పెట్టెలో పెట్టి బటన్ నొక్కుతాడు. అవునంటే పచ్చ, కాదంటే ఎరుపు. ప్రెస్ గ్యాలరీ పైన గోడ మీద సభ్యులందరి పేర్లు కనిపిస్తాయి, ఓటు పడగానే పేరు పక్కన రంగు వెలుగుతుంది. టీవీలో ఆ గోడ కనబడదు, లెక్కలు మాత్రమే కనిపిస్తాయి. పదిహేను నిమిషాలు అయిపోయినా మొదటి ఓటును ఇంకొంచెం సేపు తెరిచి ఉంచారు. దారిలో ఉన్నవాళ్లు పరుగెత్తుకుంటూ వస్తారు కాబట్టి సాధారణంగా అలా ఉంచుతారు. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఇంకో పది నిమిషాలు సాగదీస్తే చాలు అనుకున్నాను.

సుత్తి దెబ్బ పడింది. మొదటి ఓటు అయిపోయింది. వెంటనే గంట అయిదుసార్లు మోగింది. అంటే ఈసారి అయిదు నిమిషాలే.

ఆరూ యాభై ఎనిమిదికి "దిగాను" అని మెసేజ్ వచ్చింది. రెండో ఓటు అప్పటికి ముగిసిపోయింది. మూడోది అందుతుందని ఇంకా ఆశ ఉంది. విమానం గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ మరో విమానం ఉంది. పన్నెండు నిమిషాలు ఆగింది. ఆయన కారెక్కి పద్నాలుగో వీధి వంతెన మీదికి వచ్చేసరికి మూడో ఓటు ఫలితం ప్రకటించేశారు.

ఏడున్నరకు బ్యాగుతోనే ఆఫీసులోకి వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. కూర్చోలేదు కూడా. "మూడోది ఎంత తేడాతో?" అని అడిగారు. మూడు బిల్లులూ బాగా తేడాతోనే పాసయ్యాయని చెప్పాం. ఆయన ఓటు ఉన్నా లేకపోయినా ఫలితం మారేది కాదు. మాకది ఊరటగా అనిపించింది. ఆయన ముఖంలో మాత్రం ఊరట కనబడలేదు.

ఫలితం ప్రకటించాక ఇక ఓటు వేసే దారి లేదు. "నేను వచ్చేశాను, నా ఓటు కలపండి" అంటే కుదరదు. తన ఓటు వేయమని ఇంకొకరికి అప్పగించడం కూడా సభ నియమాల్లో నిషిద్ధం. కొవిడ్ రోజుల్లో, 2020 మే నుంచి, తోటి సభ్యుడి ద్వారా ఓటు వేయించుకునే వీలు తెచ్చారు. 2023 జనవరిలో కొత్త సభ వచ్చాక అది పోయింది. ఇంకా పాత రోజుల్లో జత కట్టే పద్ధతి ఉండేది. రాలేని సభ్యుడు ఒకరు, ఎదుటి అభిప్రాయం ఉండి రాలేని ఇంకొకరితో జత కుదుర్చుకుంటే, ఇద్దరి అభిప్రాయాలూ రికార్డులో వచ్చేవి. 1999లో దాన్నీ చాలావరకు తీసేశారు. ఇక మిగిలింది వివరణ ఒక్కటే. సభ్యుడు స్పీకర్‌ను ఉద్దేశించి, ఫలానా ఓట్లకు ఎందుకు రాలేకపోయాడో, వచ్చి ఉంటే ఎటు ఓటు వేసేవాడో రాసి ఇస్తాడు. దాన్ని కాంగ్రెషనల్ రికార్డులో అచ్చు వేస్తారు. 1873 నుంచి వస్తున్న రికార్డు అది.

మర్నాడు ఉదయం ఆ వివరణ రాసే పని నాకు ఇచ్చారు. రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. "స్పీకర్ గారూ, ప్రయాణంలో జాప్యం వల్ల నిన్న ఈ నంబర్ల రోల్ కాల్ ఓట్లకు హాజరు కాలేకపోయాను. హాజరై ఉంటే అవును అని ఓటు వేసేవాణ్ణి." ఇంతే. రోల్ కాల్ అంటే ఎవరు ఎటు వేశారో పేరుపేరునా నమోదయ్యే ఓటింగ్. పాత నమూనాలు చూసుకుని పది నిమిషాల్లో రాశాను. మా విధాన వ్యవహారాలు చూసే సీనియర్‌కు పంపాను. ఆవిడ నా దగ్గరికి వచ్చి, సభ రికార్డులు చూసే క్లర్క్ ఆఫీసు ప్రకటించిన జాబితా తెరిచి పక్కన పెట్టమన్నారు. నేను రాసిన నంబర్లు ఒకటి చొప్పున ముందుకు జరిగి ఉన్నాయి. రాత్రి టీవీ చూస్తూ కాగితం మీద గీసుకున్న వాటినే నమ్మి ఎక్కించాను. అలాగే వెళ్లిపోయి ఉంటే, నిన్న జరిగిన ఒక ఓటు గురించి ఆయన ఏమీ చెప్పనట్టు, ఇంకా జరగని ఓటు గురించి ఏదో చెప్పినట్టు రికార్డులో ఉండిపోయేది. ఆవిడ కోప్పడలేదు. "నంబరు, బిల్లు పేరు, ఆయన వైఖరి. ఈ మూడూ మూడు చోట్ల సరిచూడు" అన్నారు. అప్పటి నుంచి ఏ ఉత్తరం రాసినా అదే చేస్తాను.

సరిచేసిన కాగితం తీసుకుని ఆయన గదిలోకి వెళ్లాను. సభ్యుడి సంతకం ఉంటేనే ఆ కాగితం పార్టీ క్లోక్‌రూమ్ ద్వారా రికార్డుకు వెళుతుంది. క్లోక్‌రూమ్ అంటే సభను ఆనుకుని ఒక్కో పార్టీకి ఉండే గది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. మొదటి నంబరు మీద వేలు పెట్టి తలూపారు. రెండోది మాజీ సైనికుల వైద్యానికి సంబంధించింది, దానికీ తలూపారు. మూడోదాని దగ్గర ఆగి పెన్నుతో కొట్టేశారు.

నాకు అర్థం కాలేదు. పార్టీలో ఎక్కువమంది దానికి అవునన్నారు. ఆయన కూడా అంటారని అందరం అనుకున్నాం. కొత్తదాన్ని కదా, తప్పు చేశానేమోనని భయపడ్డాను.

"ఈ బిల్లు మీద మన ఊళ్ల నుంచి రెండు వైపులా ఉత్తరాలు వచ్చాయి. నువ్వే కదా నాకు తెచ్చిచ్చావు" అన్నారు. "నిన్న సాయంత్రం సభలో దీని మీద ఒకరితో మాట్లాడి తేల్చుకోవాలని అనుకున్నాను. వాళ్లతో మాట్లాడలేదు. నేను ఏ బటన్ నొక్కేవాణ్ణో నాకే తెలియదు. ఫలితం చూశాక ఇప్పుడు అవునని రాస్తే అది నిజం కాదు."

ఆఫీసును నడిపే చీఫ్ ఆఫ్ స్టాఫ్ దీనికి ఒప్పుకోలేదు. రెండిటికి చెప్పి మూడోదానికి చెప్పకపోతే తప్పించుకున్నారని అంటారు, ప్రత్యర్థులు దాన్నే పట్టుకుంటారు అన్నారు. అందులో నిజం ఉంది. ఎన్నికల ప్రకటనల్లో తప్పిన ఓట్ల లెక్కలు రావడం నేనూ చూశాను. మూడోదానికి కూడా అవునని రాయడానికి అడ్డం ఏమీ లేదు. ఎవరూ సాక్ష్యం అడగరు. "హాజరై ఉంటే" అన్న మాట నిజమో కాదో ఆ సభ్యుడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్లిద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. చివరికి ఆయన మాటే నిలిచింది. మూడు ఓట్లకూ రాలేదని, కారణం ప్రయాణమని, మొదటి రెండిటికీ అవునని వేసేవాణ్ణని వివరణలో ఉంది. మూడోదాని గురించి, ఆ బిల్లు మీద రాసిన ప్రతి ఒక్కరికీ విడిగా ఉత్తరం వెళ్లాలన్నారు. ఆ ఉత్తరాలు రాయాల్సింది నేనే.

ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. స్థానిక పేపర్లో వారం వారం మన సభ్యుడు ఎలా ఓటు వేశాడో అచ్చు వేస్తారు, నాన్న దాన్ని వదలకుండా చదువుతారు. ఈసారి పేపరు వచ్చేదాకా కూడా ఆగలేదు, ఎవరో చెప్పారట.

"ఏమ్మా, మీ కాంగ్రెస్‌మన్ గారు నిన్న ఓటే వెయ్యలేదంట?"

"విమానం లేటయింది నాన్నా. వివరణ రాసిచ్చాం."

"రాసిస్తే ఓటు లెక్కలోకి వస్తుందా?"

"రాదు నాన్నా."

"రానప్పుడు ఎందుకమ్మా ఆ కాగితం?"

ఆయన కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను వెంటనే చెప్పలేకపోయాను. నాన్న 1999 ఏప్రిల్ 17ను మర్చిపోలేని మనిషి. ఆ రోజు లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ వచ్చి వేసిన ఓటు గురించి మా ఇంట్లో ఏళ్ల తరబడి మాట్లాడుకునేవారు. ఒక ఓటు అంటే ఏమిటో నాన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మన దగ్గరైతే విప్ జారీ చేశాక రాకపోతే పార్టీకి సమాధానం చెప్పుకోవాలి" అన్నారు నాన్న. అదీ నిజమే. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్ ఇచ్చిన ఓటుకు ముందు అనుమతి లేకుండా గైర్హాజరైతే, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమించకపోతే, సభ్యత్వమే పోవచ్చు. అక్కడ ఎంపీ గైర్హాజరీ వివరణ ముందుగా పార్టీకి వెళుతుంది. ఇక్కడ అలాంటి చట్టం లేదు. మా కాంగ్రెస్‌మన్ గారు రాసిన కాగితాన్ని ఎవరూ శిక్ష వేయడానికి చదవరు. అది చదివేది నాన్నలాంటివాళ్లే. అదే నాన్నకు చెప్పాను, మూడో ఓటు సంగతి కూడా. "అది మీ కోసం నాన్నా. మీ తరఫున ఏ వైపు నిలబడేవారో మీకు తెలియాలి కదా." నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మూడోది రాయకపోవడం మంచిదే" అన్నారు. "తెలియనప్పుడు తెలియదనే అనాలి."

రెండు రోజులకు ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేశారు. మాజీ సైనికుడు. గొంతులో బాధ ఉంది. మా వైద్యం బిల్లుకు మీరు రాకపోవడమేమిటి అన్నారు. విమానం సంగతి చెప్పాను. "నాకు విమానాలు తెలుసు, ఎందుకు ముందు రోజు రాలేదు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. వివరణలోని వాక్యం చదివి వినిపించి, అది వచ్చిన రికార్డు కాపీ పోస్టులో పంపుతానన్నాను. పంపాను. ఓటింగ్ జాబితాలో కాంగ్రెస్‌మన్ గారి పేరు పక్కన "ఓటు వేయలేదు" అనే ఉంటుంది, ఎప్పటికీ. వివరణ ఇస్తే ఆ మాట మారిపోతుందని నేను కూడా మొదట్లో అనుకున్నాను, మారదు. ఓటింగ్ జరిగిన రోజే ఇస్తే దాన్ని జాబితా కిందే వేస్తారు, ఆలస్యంగా ఇస్తే వెనక పేజీల్లోకి వెళుతుంది. మేం మర్నాడు ఇచ్చాం కాబట్టి మాది వెనక పేజీల్లో వచ్చింది. ఆ పెద్దాయనకు ఆ పేజీ వెతకడం కష్టమని వాక్యం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి పంపాను.

"ఎందుకు ముందు రోజు రాలేదు" అన్న ప్రశ్నను కాంగ్రెస్‌మన్ గారికి యథాతథంగా చేరవేశాను. అలాంటివి దాచకూడదని మా ఆఫీసు నియమం. ఆయన గోడ మీద కెంటకీ సభ్యుడు విలియం నాచర్ ఫొటో ఒకటి ఉండేది. నాచర్ 1954 నుంచి 1994 వరకు ఓట్లూ హాజరు పిలుపులూ కలిపి వరసగా 18,401 సార్లు, ఒక్కటి కూడా తప్పకుండా సభలో నమోదయ్యారు. చివరి రోజుల్లో ఆసుపత్రి నుంచి స్ట్రెచర్ మీద సభకు తెచ్చారు. మనిషి అంత దూరం వెళ్లాలా అన్నది వేరే మాట. జబ్బు పడ్డవాళ్లు, ఇంట్లో కష్టం వచ్చినవాళ్లు ఓటు వదులుకుంటే తప్పు పట్టకూడదని నేననుకుంటాను. కానీ వాన వస్తే రాలేని ప్రయాణం పెట్టుకోవడం వేరు. మా కాంగ్రెస్‌మన్ గారు ఆ ఫొటో వైపు చూస్తూ, "ఇక నుంచి సోమవారం ఓట్లుంటే ఆదివారం రాత్రే బయల్దేరతాను" అన్నారు. ఆయన చిన్న కొడుకు ఆదివారాలు బేస్‌బాల్ ఆడేవాడు. ఆ మాటతో ఇంట్లో ఏం పోతుందో మా అందరికీ తెలుసు. ప్రయాణాలు చూసే సహోద్యోగి మరుసటి నెల టికెట్లన్నీ మార్చింది.

మూడో బిల్లు ఉత్తరాలు నాకు వారం పట్టాయి. ఏమని మొదలుపెట్టాలో తోచేది కాదు. "నేను ఓటు వేయలేదు" అని మొదలుపెడితే అది క్షమాపణలా ఉంది, "నా విమానం" అని మొదలుపెడితే సాకులా ఉంది. అయిదారు ముసాయిదాలు ఆయన దిద్ది వెనక్కి పంపారు. చివరికి మొదటి పేరాలో ఓటు తప్పిన సంగతి, రెండో పేరాలో బిల్లులో తనకు నచ్చింది, మూడో పేరాలో తనకు అనుమానంగా ఉన్నది రాయించారు. ఇంకా తేల్చుకోలేదని ఒప్పుకున్నారు. జవాబుగా కొందరు మళ్లీ రాశారు. ఈసారి పొడవుగా, వాళ్ల పొలాల గురించి, వాళ్ల పిల్లల గురించి. అవన్నీ ఆయన బ్యాగులో పెట్టుకుని విమానంలో చదివేవారు. కొన్నిటి అంచుల్లో కాఫీ మరకలతో తిరిగొచ్చేవి.

మరుసటి ఏడాది మొదట్లో ఆ బిల్లు సెనేట్‌లో సవరణలతో పాసై మళ్లీ మా సభకు వచ్చింది. ఓటు సోమవారం సాయంత్రమే. ఆయన ఆదివారం రాత్రే వచ్చేశారు. ఆ రోజు నాకు గ్యాలరీలో కూర్చునే పాస్ ఇచ్చారు. మొదటిసారి ఆ గోడ నా కళ్లతో చూశాను. పేర్ల వరసలో ఆయన పేరు ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకున్నాను. కార్డు పెట్టారు. పేరు పక్కన ఎరుపు వెలిగింది.

బిల్లు పాసైంది. ఆయన ఓడిన వైపున ఉన్నారు. మర్నాడు పొద్దున్నే అందరికీ మళ్లీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. "నిన్న ఈ బిల్లుకు నేను వ్యతిరేకంగా ఓటు వేశాను, ఎందుకో చెబుతాను." ఈసారి ఆయన మొదటి వాక్యం దిద్దలేదు.